మంగళ పిలిచే అమ్మ

పూనా,
జూన్ 1955.

అక్క యశోదకు, చెల్లె సులోచన దండం పెట్టి రాసే జాబు.

క్షేమంగా చేరాను. దారి పొడుగునా మీ మరిది నాతో పెద్దగా మాట్లాడలేదు. హాస్టలు గేటు దగ్గర పెట్టె దించి, "పిల్లల ఫికర్ జెయ్యకు, వదిన ఉన్నది గదా" అన్నారు. ఆ మాట కోసమే రైల్లో అంతసేపూ ఎదురుచూస్తూ కూర్చున్నాను. తీరా విన్నాక పెట్టె ఎత్తుకుని వెనక్కి చూడకుండా లోపలికి వచ్చేశాను.

రెండేళ్ళ చదువు. మొదట నర్సు పని, తరవాత కాన్పులు. మా గదిలో అందరూ బడి వదిలి నేరుగా వచ్చిన ఆడపిల్లలే. పెళ్ళయి పిల్లలున్నది నేనూ, సాతారా నుంచి వచ్చిన ఇంకొకావిడా. నీలం అంచు తెల్లచీరలు ఇచ్చారు. గంజి పెట్టి కట్టుకోవాలి. కట్టుకుని అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి మనిషిలా ఉన్నాను.

మంగళకు పాలు మాన్పించి వచ్చానే గాని నాకింకా పాలు ఆగలేదు. వార్డులో ఎవరి పిల్ల ఏడ్చినా రవిక తడుస్తోంది. మా సిస్టరు అది చూసి, "ఇంటి దగ్గర ఎంత పిల్ల?" అని మరాఠీలో అడిగింది. ఏడాదిన్నర అన్నాను. ఆవిడ ఒక పాత తువ్వాల తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయింది.

అక్కా, దానికి నీళ్ళు మరగబెట్టి చల్లార్చి పట్టు. ఏడుపు ఆపడానికి అత్తమ్మ దాని నాలుకకు నల్లమందు రాస్తానంటుంది, ఒప్పుకోకు. నువ్వు బీడీలు చుట్టే చాట దగ్గర దాన్ని కూర్చోబెట్టకు, ఆ పొగాకు దుమ్ము పసిపిల్లలకు మంచిది కాదు. పెద్దది సుమన్ బడికి ఆలస్యం కానివ్వకు. మంగళ నన్ను అడుగుతోందా? ఏమని అడుగుతోంది? దాచకుండా రాయి.

నీ చెల్లె,
సులోచన

*

కుంఠా నాకా, సోలాపూర్,
జూలై 1955.

చెల్లె సులోచనకు, అక్క యశోద దీవించి రాయునది.

నీ జాబు అందింది. జాబు అనాలో హుకుం అనాలో తెలియలేదు. బీడీ చాట పిల్లకు దూరంగా పెట్టమన్నావు. చాట నా ఒడిలో లేకపోతే ఈ ఇంట్లో పెనం మీదికి రొట్టె ఎక్కడినుంచి వస్తుందో, అది కూడా నీ నర్సు బుక్కులో ఉంటే చూసి చెప్పు. నీళ్ళు మాత్రం మరగబెడుతున్నాను. నల్లమందు డబ్బీ అటక మీద పారేశాను. నీకోసం కాదు, పిల్లకోసం.

మంగళ మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు లేదు. నా పక్కలోనే పడుకుంటోంది. సుమన్ బాగానే చదువుకుంటోంది.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి, "మా చిన్న కోడలు పూనాల డాక్టరు చదువు చదువుతున్నది" అని చెబుతోంది. మొన్న పక్కింటి పోచమ్మ వచ్చి, "పెద్ద కోడలో?" అంది. "దానిదేమున్నది, ఇంట్లనే ఉంటది" అంది అత్తమ్మ. నేను ఆవిడ పక్కనే కూర్చుని మంగళకు అన్నం పెడుతున్నాను. పెడుతూనే ఉన్నాను.

మీ బావ, మరిది ఇద్దరూ మగ్గాల మీదే. వీధి చివర కొత్తగా కరెంటు మగ్గాలు పెట్టారు, ఆ చప్పుడుకు పొద్దంతా ఒకరి మాట ఒకరికి వినబడదు.

ఆ తెల్లచీర ఏం బట్ట? మిల్లుదా, మగ్గందా? మీ బావ అడగమన్నారు.

యశోద

*

పూనా,
ఆగస్టు 1955.

అక్కకు,

చీర మిల్లుదే. బావ ఏనాడైనా ఆడవాళ్ళ చీర గురించి అడిగారా? నువ్వే అడిగితే ఏం పోయింది?

ఈ నెల నుంచి కాన్పుల పాఠాలు కూడా చెబుతున్నారు. చేతులు మోచేతి దాకా సబ్బుతో తోముకోవాలి. బొడ్డు కోసే కత్తెర నీళ్ళలో మరిగించాలి. మన వాడలో కొడవలి చివరతో కోస్తారని చెబితే సిస్టరు కళ్ళు మూసుకుంది. బిడ్డ తల ముందు రావాలట. చెయ్యిగాని ముందు వస్తే ఎవరూ పట్టి గుంజకూడదు, ఆ మనిషిని అట్లాగే దవాఖానాకు తీసుకుపోవాలి. ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానో తెలియదు. పక్క మంచం పిల్లతో చెబితే ఆమెకు ముందే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. మీ మరిది నిన్న రాసిన జాబులో, "మంగళ ఇప్పుడు మాటలు నేర్చింది, వదినను అమ్మా అంటున్నది, మంచిగ నవ్వొస్తది" అని ఉంది. ఆయనకు నవ్వు వస్తుందట. ఆయన ప్రతి జాబులోనూ నీ వంకాయ కూర ఉంటుంది, సరే. కాని ఈ సంగతి నువ్వెందుకు రాయలేదు? దాచకుండా రాయమన్నాను కదా. అది నిన్ను పెద్దమ్మ అనాలి. నేర్పించు.

నేను నా పిల్లలకు మంచి రోజులు రావాలనే వచ్చాను. వదులుకుని రాలేదు.

సులోచన

*

కుంఠా నాకా, సోలాపూర్,
ఆగస్టు 1955.

సులోచనకు,

"పెద్ద" అన్న మాట దాని నాలుకకు తిరగదు. సగం మింగి మిగతా సగం అంటుంది. ఆ మిగతా సగం అమ్మ అయితే తప్పు నాదా? దాని నోటికి గుడ్డ కట్టమంటావా?

నేర్పలేదు. నువ్వు నమ్మినా నమ్మకపోయినా నేర్పలేదు. కాని మాన్పించను కూడా మాన్పించలేదు, అది నిజమే.

రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం వచ్చింది. మంగళను భుజం మీద ఎత్తుకుని తీసుకుపోయాను. రద్దీలో ఒక ముసలామె దాని చెంప పట్టుకుని, "నీ బిడ్డనా? అచ్చం నీ పోలికనే" అంది. నేను కాదనలేదు. ఎందుకనాలి? నా కడుపున పుట్టిన ఇద్దరూ ఏడవనైనా ఏడవకుండా పోయారు. వాళ్ళ ముఖాలు చూసి నీ పోలిక అని ఎవ్వరూ నాతో అనలేదు.

ఇంకొకటి కూడా విను. మునిసిపాలిటీ డాక్టరమ్మ మన వాడకు వచ్చి, కాన్పుల పని నేర్చుకోవడానికి పూనాకు ఎవరు పోతారని అడిగిన రోజు నీకు గుర్తుందో లేదో. ముందు లేచి నిలబడింది నేను. ఎంతవరకు చదివావు అని అడిగింది. నాలుగో క్లాసు అన్నాను. ఆమె చూపు నా మీదినుంచి నీ మీదికి తిరిగింది. నువ్వు ఏడు చదివావు. మీ నాయన చదివించాడు, మా నాయన చదివించలేదు. అంతే కదా మనిద్దరికీ తేడా? నువ్వు గంజిచీర కట్టుకుని అద్దం చూసుకుంటున్నావు. నేను నీ పిల్ల ముక్కు తుడుస్తున్నాను. ఆ పిల్ల నన్ను అమ్మా అంటే అది కూడా నీకు కావాలి.

యశోద

*

పూనా,
నవంబరు 1955.

అక్కా,

దీపావళి సెలవుకు వచ్చి వెళ్ళాక రాయకూడదనే అనుకున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

గడపలో చెప్పులైనా విడవకుండా మంగళకు చేతులు చాపాను. అది నీ కొంగులో తల దాచుకుంది. "పోవే, మీ అమ్మ వచ్చింది, పో" అన్నావు నువ్వు. అంటూనే నీ చెయ్యి దాని నడుము చుట్టూ ఇంకా గట్టిగా బిగిసింది. నేను చూశాను అక్కా.

ఉన్న నాలుగు రోజులూ నేను స్నానం చేయిస్తే ఏడ్చింది, నేను అన్నం పెడితే ఉమ్మేసింది. చివరి రోజు దాన్ని ఒళ్ళో అదిమిపట్టి, "ఆమె మీ అమ్మ గాదే, నేను మీ అమ్మను" అన్నాను. అది నా చేతిని కొరికింది. నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నావు. నవ్వలేదు, అది ఒప్పుకుంటాను. కాని నీ ముఖంలో ఒక వెలుగు ఉంది. వార్డులో బిడ్డను మొదటిసారి చేతికిచ్చినప్పుడు తల్లుల ముఖంలో చూస్తాను అట్లాంటి వెలుగు.

అందుకే మా అన్నకు రాశాను. వచ్చే నెల నర్సప్ప అన్న సోలాపూర్ వచ్చి పిల్లలిద్దరినీ సిరిసిల్లకు, మా అమ్మ దగ్గరికి తీసుకుపోతాడు. మీ మరిదికి కూడా రాశాను. ఆయన ఊ అనలేదు, ఉహూ అనలేదు. నువ్వు చేసిన దానికి రుణపడి ఉంటాను. పిల్లల బట్టలు సర్ది ఉంచు.

సులోచన

*

కుంఠా నాకా, సోలాపూర్,
నవంబరు 1955.

సులోచనకు,

మంచిది. పిల్లలు నీవాళ్ళు. సుమన్ ఇక్కడ మరాఠీ బడిలో ముందు వరసలో కూర్చుంటోంది, సిరిసిల్లలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంది. అది నీకు తెలియంది కాదు.

బట్టలు ఉతికి మడత పెట్టాను. మీ అన్నను రమ్మను.

యశోద

*

పూనా,
జనవరి 1956.

యశోదక్కకు,

ఎదురుగా ఉన్నప్పుడు అన్నీ అనలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను, చదువు.

"మంగళకు అమ్మవారు పోసింది, జల్ది రా" అని సోలాపూర్ నుంచి మా అన్న టెలిగ్రాం వచ్చినప్పుడు నేను పరీక్షకు కూర్చోబోతున్నాను. మశూచి వార్డు చూసినదాన్ని నేను. ఆ పిల్లల కళ్ళు చూసినదాన్ని. మేట్రన్ గదికి పోయి అడిగేంత ఓపిక కూడా లేకపోయింది. ఒంటి మీది తెల్లచీరతోనే స్టేషనుకు పరుగెత్తాను.

మన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపలికి వస్తే మంగళ మగ్గం కింద కూర్చుని దారపు ఉండలతో ఆడుకుంటోంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. నోటినిండా బెల్లం.

"ఏంది అక్కా ఇది?" అంటే నువ్వు చాటలోనుంచి తల ఎత్తలేదు.

"మీ అన్న గడప తొక్కకుండ పోవాలెనని కట్టిన" అన్నావు.

"అబద్ధమాడితివా? అమ్మవారి పేరు మీద?"

"ఆడిన. మల్ల వస్తే మల్ల ఆడుత. ఏం జేస్తవో చెయ్యి."

అత్తమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. మీ మరిది మగ్గం ఆపి నిలబడ్డారు. నాకు నీ జుట్టు పట్టుకోవాలనిపించింది అక్కా, నిజం చెబుతున్నాను. అప్పుడు మంగళ లేచి వచ్చి, నా అరుపులకు భయపడి, నీకూ నాకూ మధ్య నిలబడి నీ కాళ్ళు చుట్టుకుంది. నేను కొట్టకుండా నిన్ను కాపాడుతోంది. నా బిడ్డ నా నుంచి నిన్ను కాపాడుతోంది!

ఇద్దరినీ రెక్క పట్టుకుని ఆ పూటే రైలెక్కించి సిరిసిల్లకు తీసుకుపోయి ఉండవచ్చు. ఎందుకు ఎక్కించలేదో విను. నీ మీద దయతో కాదు. దాన్ని నీ కాళ్ళనుంచి విడదీయాలంటే ఎంత గట్టిగా గుంజాలో నాకు కనబడింది. అంత గట్టిగా గుంజే చేతులు నాకు లేవు.

చెప్పకుండా వార్డు వదిలినందుకు మేట్రన్ నన్ను తీసేయబోయింది. సిస్టరు అడ్డం పడి బతిమాలింది. చివరికి ఆరు నెలలు వెనక్కి వేశారు. నా తరవాత వచ్చినవాళ్ళతో కూర్చుని చదివిన పాఠాలే మళ్ళీ చదవాలి. అంటే మంగళ ఇంకో ఆరు నెలలు నీ దగ్గర ఉంటుంది. నీకు కావలసింది అదేనా? దొరికింది. ఉంచుకో.

సులోచన

*

కుంఠా నాకా, సోలాపూర్,
జూన్ 1956.

సులోచనకు,

ఇన్ని నెలలు రాయలేదు. రాయడానికి ముఖం లేదు. పిల్లల క్షేమం మరిది రాస్తూనే ఉన్నాడని తెలుసు.

ఈ జాబు క్షమించమని అడగడానికి కాదు. జరిగిన సంగతి ఒకటి నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

పోయిన వారం పోచమ్మ కోడలికి నొప్పులు వచ్చాయి. మొదటి కాన్పు. పొద్దెక్కినా బిడ్డ రాలేదు. అరుపులు విని నేనూ పోయాను. మంత్రసాని ముసల్ది, "చెయ్యి అందింది, గుంజుత, పట్టుకోండి" అంటోంది. చూశాను. చిన్న చెయ్యి, నీలంగా.

"ముట్టకు!" అని అరిచాను. నేను అట్లా అరవగలనని నాకే తెలియదు.

"నీకేం తెల్సు? నువ్వేమన్న కన్నవా, సాదినవా?" అంది ముసల్ది.

అక్కడున్న ఆడవాళ్ళంతా నా ముఖం చూశారు. నేను ఆ మాట మింగేశాను. "నాకు తెల్వది. మా యారాలుకు తెల్సు. చెయ్యి ముందుగాల వస్తే గుంజొద్దని రాసింది. దవాఖానాకు తోల్కపోవాలె" అన్నాను. పోచమ్మ కొడుకు పరుగున టాంగా తెచ్చాడు. దారి పొడుగునా ఆ పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. డాక్టరమ్మ కోసి బిడ్డను తీసింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. నా రెండోవాడికి కూడా చెయ్యే ముందు వచ్చింది. ఇదే ముసల్ది, ఇట్లాగే గుంజింది.

నీ తెల్లచీర మీద నాకు అసూయ అనుకుంటున్నావు. ఉంది, లేదనను. కాని ఆ రోజు డాక్టరమ్మ గది బయట గోడకు ఆనుకుని నిలబడ్డప్పుడు ఏడుపు వచ్చింది. గుంజకూడదు అన్న ఒక్క మాట ఈ లోకంలో ఎక్కడో ఉంది. నా బిడ్డ పోతున్నప్పుడు కూడా ఉంది. అది నాదాకా రాలేదు. నీదాకా వచ్చింది. అందుకే నీ మీద ఇంత కోపం. నీ తప్పు కాదని తెలిసినా తగ్గలేదు.

నీ జాబులు మళ్ళీ మళ్ళీ చదువుతుంటాను. కోపంతోనే చదువుతాను. కాని చదువుతాను. పాఠాలు ఉంటే రాయి.

యశోద

*

పూనా,
జూలై 1956.

అక్కా,

నీ జాబు మా సిస్టరుకు చదివి, మరాఠీలో చెప్పాను. ఆవిడ కుర్చీ నుంచి లేచి నిలబడింది. "ఆ మనిషిని ఇక్కడికి పంపించి నిన్ను ఇంటికి పంపాలి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గదికి వచ్చాక మాత్రం నవ్వు నిలవలేదు.

ఏడాది నుంచి చదువుతున్నాను. ఇప్పటిదాకా సిస్టరు పక్కన నిలబడి పళ్ళెం పట్టుకోవడమే నా పని. నువ్వు ఇంట్లో కూర్చుని రెండు ప్రాణాలు నిలబెట్టావు. వాడ అంతా నీ పేరే చెప్పుకుంటోందని మీ మరిది రాశారు. నా బిడ్డ నిన్ను అమ్మా అంటుంది, నా మొగుడు నీ కూర పొగుడుతారు, ఇప్పుడు నా విద్య కూడా నీకే ముందు పేరు తెచ్చింది. ఇట్లా రాయడానికి సిగ్గుగా ఉంది, కాని నీ దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర రాయను?

నీ రెండోవాడి సంగతి దీపం దగ్గర మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ రోజుల్లో నేను ఆ ఇంటికి కొత్త కోడలిని. వాకిట్లో నీళ్ళు కాస్తూ కూర్చున్నాను. ఎందుకు కాస్తున్నానో కూడా తెలియకుండా కాశాను.

ఇక మీదట ప్రతి పాఠం రాస్తాను. బాలింతకు రక్తం ఎక్కువ పోతుంటే ఏం చెయ్యాలో దీని వెనక రాశాను. అర్థం కాకపోతే అడుగు.

మంగళను వచ్చే సెలవుకు నా దగ్గరికి రమ్మని బలవంతం చేయను. అదే రావాలి.

సులోచన

*

బార్శీ,
ఫిబ్రవరి 1958.

అక్క యశోదకు,

బార్శీ ప్రసూతి కేంద్రంలో చేరాను. రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ముందు వేపచెట్టు, పక్కన బావి. మీ మరిదికి ఇక్కడి మిల్లులో పని దొరికింది. సుమన్‌ను బడిలో వేశాం. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. నేను ఎన్నాళ్ళుగానో తలచుకున్న ఇల్లు ఇదే.

మంగళ మాత్రం ఈ ఇంట్లో లేదు. మనిషి ఉంది. పొద్దున్నే లేచి గడప మీద కూర్చుంటుంది. సోలాపూర్ మోటారు బస్సు చప్పుడు దానికి తెలిసిపోయింది, విని లేచి నిలబడుతుంది. పాలలో నానబెట్టిన రొట్టె పెడితే ముఖం తిప్పుకుంటుంది. నన్ను "ఏమే" అనదు, "అమ్మా" అనదు, పిలవాల్సి వస్తే వచ్చి నా కొంగు లాగుతుంది. నిన్న ఒళ్ళు కాస్త వెచ్చబడింది. కలవరిస్తూ "అమ్మా, అమ్మా" అంది. నేను పక్కనే ఉన్నాను. "ఇక్కడున్న బిడ్డా" అంటే కళ్ళు తెరిచి నన్ను చూసి మళ్ళీ మూసుకుంది.

పొద్దున మూడు కాన్పులు చేశాను. ముగ్గురు తల్లులకు బిడ్డలను అందించాను. ఇంటికి వచ్చి నా బిడ్డ ముందు చేతకానిదాన్ని అయిపోతున్నాను. నీ మీద నాకు ఇంకా కుళ్ళు పోలేదక్కా. కాని పిల్ల చిక్కిపోతోంది.

నువ్వు రా. బావను అడిగి కొన్ని నెలలైనా వచ్చి మా దగ్గర ఉండు. ఒక గది నీకే ఇస్తాను. అది నిన్ను ఏమని పిలిచినా నేను ఏమీ అనను.

నీ చెల్లె,
సులోచన

*

కుంఠా నాకా, సోలాపూర్,
ఫిబ్రవరి 1958.

చెల్లె సులోచనకు, అక్క దీవించి రాయునది.

నీ జాబు చూసి ముందు పెట్టె సర్దుకున్నాను. మీ బావ కూడా, "పో, పోయి సూసి రా" అన్నారు. బస్సు అడ్డా దాకా పోయాను. బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు.

నేను వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అది గడప మీదినుంచి పరుగెత్తుకుని వచ్చి నా మెడకు చుట్టుకుంటుంది. నాకు కావలసింది అదే. ఈ లోకంలో ఇంకేమీ వద్దు, అదొక్కటే కావాలి. అందుకే రాను. ఆ పూట నా మెడ చుట్టుకున్నదంటే ఇక ఏనాడూ నీ మెడ చుట్టుకోదు. ఒకసారి వేపమండలు కట్టి ఆపుకున్నాను. రెండోసారి ఆ పని చెయ్యను.

రొట్టె పాలలో నానబెట్టకు, దానికి నచ్చదు. ముక్కలు తుంచి, పల్లీల చట్నీ అద్ది, పళ్ళెం దాని పక్కన పెట్టి నీ పని నువ్వు చేసుకో. తినమని అనకు. అదే తింటుంది. తల దువ్వేటప్పుడు చిక్కు తగిలితే ఊదాలి, లేకపోతే ఊరుకోదు. జ్వరం వస్తే అరికాళ్ళు రాయి. ఏడిస్తే ఎత్తుకో. కొరికితే కొరకనీ.

ఇక్కడ ఇల్లు మగ్గం ఆపినట్టు ఉంది. డాక్టరమ్మ ప్రసూతి దవాఖానాలో ఆయాగా రమ్మని కబురు పంపింది. సోమవారం నుంచి పోతున్నాను. నాలుగో క్లాసు అయినా ఫరవాలేదట. "ఇద్దరు కోడండ్లు దవాఖానా పాలైరి, నాకు రొట్టె ఎవ్వరు జేస్తరు?" అని అత్తమ్మ పొద్దున్నుంచి సణుగుతోంది. సణుగుతూనే నా చీరకు గంజి కాస్తోంది.

ఒకటి అడుగుతాను, కాదనకు. మంగళ ఏదో ఒకనాడు నిన్ను అమ్మా అంటుంది. అనాలి. మార్కండేయుడికి మొక్కుకున్నాను కూడా. అన్న రోజున మాత్రం ఆ సంగతి నాకు రాయకు. మరిది వచ్చినప్పుడు మాటల్లో చెబుతాడు, అప్పుడు వింటాను. నీ చేతి రాతలో నేను చదవలేను.

యశోద